షెడ్డు లేచాక బిల్లు ఇస్తారు సరే, లేచేదాకా డబ్బు ఎవరిది?

కరువునేల_రైతు
మాది అనంతపురం జిల్లా. నాలుగెకరాలు, అందులో రెండెకరాలకే బోరు నీళ్లు. వేరుశనగ, సాళ్ల మధ్య కంది, రెండు ఆవులు, రెండు గేదెలు. కిందటి ఏడాది నాలుగు పశువుల గోకులం షెడ్డు మంజూరైంది. అంచనా 1.85 లక్షలు. పది శాతం రైతు వాటా, మిగతాది ఉపాధి హామీ నిధుల నుంచి. నా వంతు 18,500 అనుకుని సంతోషంగా పునాది తీశాను.

పని పూర్తిచేసి, కొలతలు రాయించి, ఫొటోలు ఎక్కించాకే బిల్లు పెడతారని తరవాత తెలిసింది. ఇటుకల బట్టీ ఆయన ఆగడు, సిమెంటు కొట్టు ఆయన ఆగడు, మేస్త్రి అసలే ఆగడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షా ఇరవై వేలు తెచ్చాను. రేకులు వేసి ఏడు నెలలైంది, బిల్లు రాలేదు. నెలకు 2,400 చొప్పున వడ్డీయే 16,800. నా వాటాతో కలిపితే 35,300. పది శాతమన్న నా వాటా పంతొమ్మిది శాతం దాటింది, ఇంకా పెరుగుతోంది.

షెడ్డు కట్టినందుకు బాధ లేదు. మొన్నటి ముసురుకు గేదెలు మోకాలి లోతు బురదలో నిలబడకుండా పొడి నేల మీద పడుకుని నెమరు వేశాయి, అది చూస్తే చాలనిపించింది. కానీ ఈ సాయాలన్నీ చేతిలో డబ్బున్న రైతు కోసమేనా? ఇప్పుడు పంట కుంట తవ్వించుకో, డ్రిప్పు వేసుకో, గొర్రెలు పెట్టు అంటున్నారు. మళ్లీ అప్పు చేయాలంటే గుండె దడగా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

డ్రిప్పు_శీనయ్య
డ్రిప్పుకు భయపడకు తమ్ముడూ. దాని దారి వేరు. మొత్తం సొమ్ము నువ్వు ముందు పెట్టక్కర్లేదు. నీ వాటా ఎంతో అంతే కడతావు, పైపులూ లేటరల్సూ కంపెనీవాళ్లు తెచ్చి బిగిస్తారు, రాయితీ సొమ్ము కంపెనీకి నేరుగా పోతుంది. ఆలస్యమైతే ఆ వడ్డీ భారం వాళ్లది, నీది కాదు.

రాయలసీమలో డ్రిప్పు ఇన్ని ఊళ్లకు ఎలా పాకిందని నన్నడిగితే ఇదే కారణం చెబుతాను. 2003లో సూక్ష్మ సేద్యం పథకం మొదలైనప్పుడు మా ఊళ్లో ముగ్గురం వేశాం. ఇప్పుడు డ్రిప్పు లేని చీనీ (బత్తాయి) తోట చూపించమంటే చూపించలేను.

పాలకేంద్రం_పద్మ
శీనయ్య గారి మాటలో సగమే నిజం. రాయితీ బకాయిలు పేరుకుపోతే కంపెనీలు సరుకు దించడం మానేస్తాయి. 2020 తరవాత కొంతకాలం కొత్త పరికరాలు రాక ఎందరు ఎదురుచూశారో మరిచిపోయారా? మా అన్నయ్య రెండు వేసవులు దరఖాస్తు పట్టుకుని తిరిగాడు.

డ్రిప్పు_శీనయ్య
మరిచిపోలేదమ్మా. అయినా మీ అన్నయ్య ఎదురుచూశాడే కానీ వడ్డీ కట్టలేదు. రెండూ ఒకటి కాదు.

పాలకేంద్రం_పద్మ
అది ఒప్పుకుంటాను.

విశ్రాంత_విస్తరణాధికారి
ముప్పై ఏళ్లు ఈ కాగితాల మధ్యే పనిచేశాను. షెడ్డు బిల్లు ఎందుకు ఆగుతుందో చెబితే కరువునేల రైతు గారికి మిగతా నిర్ణయాలు తేలికవుతాయి.

మీ షెడ్డు మంజూరైనప్పుడు నడిచిన 2005 ఉపాధి హామీ చట్టం లెక్కలో కూలి ఒక పద్దు, సామగ్రి ఇంకో పద్దు. కూలి 60 పాళ్లకు తగ్గకూడదు, సామగ్రి 40 దాటకూడదు. కూలి మొత్తం కేంద్రమే ఇచ్చేది, అది నేరుగా పనిచేసినవారి ఖాతాలో పడుతుంది. సామగ్రి ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం కలపాల్సి ఉండేది, నిధులు విడతలుగా వచ్చేవి. ఇప్పుడు మీ షెడ్డును చూడండి. ఇటుక, సిమెంటు, ఇనుము, రేకులు. దాదాపు అంతా సామగ్రే. అందుకే నిధులు బిగుసుకున్నప్పుడు మొదట ఆగేది షెడ్డు బిల్లు.

పంట కుంట దీనికి పూర్తిగా తిరగేసిన పని. మట్టి తవ్వకం, అంటే దాదాపు అంతా కూలే. మస్టరు (కూలీల హాజరు పట్టీ) వేస్తారు, ఊరివాళ్లు వచ్చి తవ్వుతారు, డబ్బు వాళ్ల ఖాతాలకు పోతుంది. మీ జేబులోంచి పైసా తీయనక్కర్లేదు. మీ కోసం అప్పు లేని పని ఏదైనా ఉందంటే ముందు అదే.

కరువునేల_రైతు
ఇన్నాళ్లూ ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదండీ. షెడ్డుకూ కుంటకూ ఒకే ఆఫీసు, ఒకే పుస్తకం. రెండూ ఒకటే అనుకున్నాను.

నిజం_నిష్ఠూరం
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండోవైపు నేను చెబుతాను. పని అయ్యాక డబ్బు అనే నియమం ఊరికే రాలేదు. మా ఊళ్లో ఒకే గుంతను రెండు పేర్లతో చూపించారు. ఒక ఫొటో తూర్పు గట్టు నుంచి, ఇంకొకటి పడమటి గట్టు నుంచి. ముందే డబ్బు చేతికిస్తే షెడ్లన్నీ కాగితం మీదే లేస్తాయి. అది నిజమైన రైతు నోటి దగ్గరి కూడు.

పాలకేంద్రం_పద్మ
దొంగను ఆపడానికి పెట్టిన తలుపు దొరను కూడా ఆపుతోంది కదండీ. దొంగకు అప్పు పుడుతుంది, వాడికి పైన మనుషులుంటారు. ఆగిపోయేది నాలాంటివాళ్లే.

నిజం_నిష్ఠూరం
మరి మీరేం చేయమంటారు?

విశ్రాంత_విస్తరణాధికారి
దారి లేకపోలేదు. ఇళ్ల పథకాల్లో చూడండి, పునాదికి ఒక బిల్లు, పైకప్పు ఎత్తుకు ఒక బిల్లు, స్లాబుకు ఒక బిల్లు. ప్రతి దశలో ఫొటో తీసి స్థలం గుర్తు ఎక్కిస్తారు. షెడ్డుకూ అలా కచ్చితంగా విడతలవారీగా, తేదీ తప్పకుండా ఇస్తే రైతు 30 వేల అప్పుతో పనంతా నడిపించగలడు. లక్షా ఇరవై వేలు తేవాల్సిన పని ఉండదు. నియమం సడలించక్కర్లేదు, దాన్ని ముక్కలు చేస్తే చాలు.

నిజం_నిష్ఠూరం
ఇది నాకు నచ్చింది. ఒకే గుంతను రెండు పేర్లతో చూపించడం కూడా కష్టమవుతుంది.

ప్రవాసి_రైతుబిడ్డ
నేను ఉండేది అమెరికాలో నెబ్రాస్కా. మా నాన్న గుంటూరు జిల్లాలో మిర్చి రైతు, అందుకే ఈ చర్చ వదలకుండా చదువుతున్నాను. ఇక్కడ ఈక్విప్ అనే పథకం ఉంది, 1996 నుంచి నడుస్తోంది. నేల కోత ఆపడానికీ, నీరు పొదుపు చేయడానికీ, పశువులు వాగులో దిగి గట్లు పాడుచేయకుండా కంచె వేసి తొట్టి కట్టుకోవడానికీ ఖర్చులో భాగం ఇస్తారు. ఇక్కడా పని అయ్యి, తనిఖీ జరిగాకే డబ్బు. ఒప్పందం కుదరకముందే పని మొదలుపెడితే అసలు ఇవ్వరు.

కానీ కొత్తగా సాగులోకి వచ్చినవారికీ, ఆదాయం తక్కువున్నవారికీ ఒక వెసులుబాటు ఉంది. వాళ్లు కోరుకుంటే కనీసం సగం సొమ్ము ముందే ఇస్తారు. 90 రోజుల్లో దాన్ని పనికి ఖర్చు చేయాలి, లేదంటే వెనక్కి ఇవ్వాలి. మా పక్కన పశువుల పొలమున్న ఒక దంపతులు ఆ ముందస్తు సొమ్ముతోనే కంచె వేసుకున్నారు.

కౌలు_బతుకు
వాళ్ల పొలాలు వందల ఎకరాలు, మనవి గుంటల లెక్క. అక్కడి మాట ఇక్కడ అతకదు.

ప్రవాసి_రైతుబిడ్డ
పొలం సైజు అతకదు, నిజమే. చేతిలో డబ్బు లేనివాడికి ముందు సగం ఇవ్వడం మాత్రం రెండెకరాలకైనా అతుకుతుంది. నేను చెప్పింది అంతవరకే.

కౌలు_బతుకు
సరే, ఆ మాటకు ఒప్పుకున్నా నా సంగతి వేరు. మీరంతా మొదటి రూపాయి ఎవరు పెట్టాలని అడుగుతున్నారు. నా దగ్గర మొదటి కాగితమే లేదు. కృష్ణా జిల్లాలో ఐదెకరాలు కౌలుకు చేస్తున్నాను, తొమ్మిదేళ్లుగా అదే పొలం. డ్రిప్పు అంటే పాసు పుస్తకం, కుంట అంటే పాసు పుస్తకం. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం ఇస్తామన్నారు. పదకొండు నెలలకు చెల్లుతుంది, యజమాని హక్కుకు ఏ ఇబ్బందీ లేదని చట్టంలోనే రాసి ఉంది. అయినా దాని మీద ఆసామి సంతకం కావాలి. ఆయన మంచివాడే, పండక్కి మా పిల్లలకు బట్టలు పెడతాడు. సంతకం అనేసరికి మాత్రం పెన్ను కింద పెట్టేస్తాడు.

ఇంకో మాట, ఇది ఎవరికీ తట్టదు. రెండేళ్ల కిందట నా సొంత కష్టంతో పొలంలో చెరువు మట్టి తోలించి, గట్లు ఎత్తు చేశాను. ఆ మరుసటి ఏడు పంట బాగా వచ్చింది. కౌలు ఎకరానికి రెండు బస్తాలు పెంచారు. నేల బాగుచేసిన ఖర్చు నాది, బాగుపడిన నేలకు పెరిగిన కౌలు కట్టేదీ నేనే. ఇలాంటప్పుడు నేలను కాపాడమని కౌలు రైతుకు ఏ మొహంతో చెబుతారు?

డ్రిప్పు_శీనయ్య
ఈ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

నేలతల్లి_విజయనగరం
కౌలు బతుకు గారూ, యజమాని కాగితం లేకుండా చేయగలిగిన పని మా ప్రకృతి వ్యవసాయం గుంపుల్లో కొంత ఉంది. మా పక్క కౌలుకు చేసేవాళ్లు కూడా సంఘం ద్వారానే వస్తున్నారు. తొలకరికి ముందే నవధాన్యాలు అని పిలిచే కలగలుపు విత్తనాలు చల్లుతాం. జొన్న, సజ్జ, పెసర, అలసంద, నువ్వు, గోంగూర ఇలా ఇరవై రకాల దాకా. విత్తనానికి బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం (పేడతో చేసే పొడి ఎరువు) పూత పట్టించి ఉండలు చేస్తే చినుకు పడేదాకా నేలలో ఆగుతాయి. నేల ఎండకు మాడదు, గాలికి పైమట్టి కొట్టుకుపోదు, నలభై యాభై రోజులకు పశువులకు పచ్చిమేత.

ఖర్చు? ఎకరాకు ద్రవజీవామృతం అంటే 200 లీటర్ల నీళ్లలో పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. బెల్లం, పిండి తప్ప మిగతావి ఇంట్లోవే. కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన సహజ వ్యవసాయ మిషన్‌లో ఎకరాకు ఏడాదికి 4,000 చొప్పున రెండేళ్లు ప్రోత్సాహకం కూడా పెట్టారు.

నిజం_నిష్ఠూరం
మొదటి ఏడాది దిగుబడి తగ్గదా? నిజం చెప్పండి.

నేలతల్లి_విజయనగరం
మా వరిలో మొదటి ఏడు తగ్గింది. మూడు బస్తాలు. దాచను. మందుల ఖర్చు తగ్గడంతో చేతికి మిగిలింది మాత్రం దాదాపు అంతే. మూడో ఏటికి దిగుబడి మునుపటి స్థాయికి వచ్చింది. పొలంలో చెయ్యి పెడితే వానపాములు దొరుకుతున్నాయి, చిన్నప్పుడు మా అమ్మ పొలంలో చూసినట్టు. కౌలుకు చేసేవాడు మూడో ఏడు దాకా అదే పొలంలో ఉంటాడో లేదో, మీ బాధ అక్కడే అని నాకు తెలుసు.

కౌలు_బతుకు
అక్కడే అమ్మా. అయినా ఈ తొలకరికి ఒక ఎకరంలో చల్లి చూస్తాను. మా ఇంటి రెండు గేదెలకు మేతైనా వస్తుంది.

మందకాపరి
ఇక్కడ గొర్రెల గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను మహబూబ్‌నగర్ వైపు. మా దగ్గర 2017లో గొర్రెల పంపిణీ మొదలైంది, ఇరవై ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం రాయితీ. మంద రావడం ఒక ఎత్తు, మేత ఇంకో ఎత్తు. మా తాత కాలంలో గుట్ట కింద బీడు ఉండేది, ఇప్పుడు అదంతా ప్లాట్ల రాళ్లు. గొర్రెకు రాయితీ ఇచ్చేవారు గొర్రె మేసే నేలకు కూడా ఏదైనా ఇవ్వాలి. కరువునేల అన్నా, గొర్రెలు తెచ్చేముందు మీ ఊరి బీడు ఎన్ని నెలలు పచ్చగా ఉంటుందో లెక్క వేయండి.

విశ్రాంత_విస్తరణాధికారి
మందకాపరి చెప్పినది బంగారం లాంటి మాట. జాతీయ పశుసంపద మిషన్‌లో 100 ఆడ గొర్రెలు, 5 పొట్టేళ్ల యూనిట్‌కు 10 లక్షల దాకా రాయితీ ఉంది, అదే 500కు 25 అయితే 50 లక్షల దాకా. ఖర్చులో సగం అన్నమాట. ఆ అంకె చూసి చాలామంది నాకు ఫోను చేస్తారు. రాయితీ రెండు విడతల్లో వస్తుంది, మొదటిది రావాలంటేనే బ్యాంకు రుణం మంజూరై పని కదలాలి. తలకు నాలుగు కిలోల పచ్చిమేత వేసుకున్నా 105 గొర్రెలకు రోజుకు 420 కిలోలు. రెండెకరాల నీటి వసతితో వేరుశనగ మానుకుంటే తప్ప కుదరదు. ఇప్పటికే అప్పులో ఉన్న మనిషికి నేను అది సలహా ఇవ్వను.

పాలకేంద్రం_పద్మ
నా వంతు రెండు ముక్కలు. కరువునేల గారూ, రెండు రూపాయల వడ్డీ అప్పు ముందు దింపుకోండి. పంట రుణం కార్డు (కిసాన్ క్రెడిట్ కార్డు) పశువులకూ ఇస్తారు, 2019 నుంచి ఉంది. దాణా, మేత లాంటి రోజువారీ ఖర్చుకు 2 లక్షల దాకా రాయితీ వడ్డీ. ఏడు శాతం, గడువులోపు కడితే మూడు శాతం తగ్గి నాలుగు. 2025 జనవరి నుంచి 2 లక్షల వరకు తాకట్టు అడగకూడదు. షెడ్డు అప్పు తీర్చడానికి అని ఇవ్వరు, దాణాకే ఇస్తారు. కానీ ఇప్పుడు దాణాకు పెడుతున్న పాల డబ్బు అంతా ఆ అప్పుకు మళ్లుతుంది కదా.

రెండోది బీమా, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నా ముర్రా గేదె, మూడో ఈత, చూడితో ఉండగా పాము కరిచి పోయింది. బీమా కట్టి ఉన్నాను. పశువైద్యుడు వచ్చి చూశాడు, చెవి ఎత్తాడు. బీమా నంబరు ఉండే పసుపురంగు పోగు లేదు. చెవిలో చీలిన చోటు మాత్రం ఉంది, ఎండి గట్టిపడిపోయి. కంచె తీగకు తగిలి ఊడిందని నాకు పదిహేను రోజుల ముందే తెలుసు. వరి కోతల హడావుడిలో రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. నంబరు లేదు కాబట్టి అది నా గేదే అని రుజువు లేదన్నారు. లక్ష రూపాయల గేదె. పైసా రాలేదు.

ఇప్పుడు పది పశువుల దాకా రాయితీ బీమా ఉంది, ప్రీమియంలో రైతు కట్టేది 15 శాతమే. కట్టండి. రోజూ పాలు పితికేటప్పుడు చెవి తడిమి చూడండి. పోగు ఊడితే ఆ రోజే చెప్పి కొత్తది వేయించి, ఆ నంబరు బీమా కాగితంలో మార్పించండి.

మందకాపరి
పద్మక్కా, ఇప్పుడే లేచి వెళ్లి మా పశువుల చెవులు చూసి వచ్చాను. ఒకదానికి లేదు.

పాలకేంద్రం_పద్మ
రేపు పొద్దున్నే వెళ్లు తమ్ముడూ. రేపు అంటే రేపే.

డ్రిప్పు_శీనయ్య
కుంట గురించి ఒక లెక్క. ఎకరానికి ఒక అంగుళం నీరు అంటే సుమారు లక్ష లీటర్లు. పది మీటర్ల పొడవు, పది వెడల్పు, రెండు లోతు కుంటలో నిండుగా 2 లక్షల లీటర్లు అనుకున్నా, వాలు గోడలకూ ఇంకుడుకూ పోగా ఒక ఎకరానికి ఒక తడి మిగులుతుంది. ఒక్క తడేనా అని పెదవి విరిచేవాళ్లున్నారు. వేరుశనగ కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే రోజుల్లో ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే ఆ ఒక్క తడి విలువ ఏమిటో అనంతపురం మనిషికి నేను చెప్పాలా?

కరువునేల_రైతు
చెప్పక్కర్లేదన్నా. రెండేళ్ల కిందట ఊడలు నేలలోకి దిగలేక గాల్లోనే వాడిపోవడం చూశాను. వేలితో నొక్కితే పెళుసుగా విరిగాయి.

వారం తరవాత మళ్లీ రాస్తున్నాను. కుంటకు దరఖాస్తు ఇచ్చాను. క్షేత్ర సహాయకుడు వచ్చి ఈశాన్యం మూల తవ్వుదామన్నాడు, వాస్తు అట. నీళ్లు ఆగ్నేయం వైపు పారుతాయని, వాన వెలిసిన రోజున మట్టి మీద పడిన చారలు చూపించాను. చివరికి అక్కడే సున్నంతో గీత గీశారు. వేసవి పనుల జాబితాలో ఎక్కింది. డ్రిప్పుకు రైతు సేవా కేంద్రంలో 1బి భూమి పత్రం, ఆధార్, బోరు వివరాలు ఇచ్చాను. బ్యాంకులో పశువుల కార్డు గురించి అడిగితే మొదట తల అడ్డంగా ఊపారు, 2 లక్షల దాకా తాకట్టు అక్కర్లేదన్న మాట చెబితే పత్రం చేతికిచ్చారు. గొర్రెలు ఈ ఏడాదికి వద్దనుకున్నాను. షెడ్డు బిల్లులో సగం సొమ్ము మొన్న పడింది, అది నేరుగా అప్పుకే పోయింది.

ఇంకొక్క సందేహం. కుంట గట్టు మీద ఏదైనా నాటవచ్చా? మట్టి కొట్టుకుపోకుండా ఉండాలి, పశువులకు మేతా రావాలి.

నేలతల్లి_విజయనగరం
గట్టు లోపలి వాలుకు గడ్డి, బయటి వాలుకు మేత కోసం అవిశె మొక్కలు. గట్టు పైన పెద్ద చెట్లు వద్దు, వేళ్లు గట్టును చీలుస్తాయి. గడ్డి పిలకలు మొదటి వానకే పెట్టాలి, ఆలస్యం చేస్తే మట్టి ముందే జారిపోతుంది.

మందకాపరి
పక్కింటి వాళ్లకు మేకలు ఉన్నాయా అన్నా? ఉంటే ముందు ముళ్ల కంప వేయండి, అవిశె తరవాత.

కరువునేల_రైతు
పదకొండు ఉన్నాయి. రేపే కంప కొట్టుకొస్తాను.